బిడ్డ వయస్సుతో చదువవలసిన కాగితము
(రోగనిరోధక శక్తి పరీక్షలను గురించి)

మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది తమ ఇంటిలో ఆంగ్లము చదువ నేర్చిన మొదటివారు. కావున వీధిలో ఎవరికి ఏ కాగితము వచ్చినను అది చివరకు వారి చేతికే చేరును. రేషను కార్డు దరఖాస్తు, బ్యాంకు నోటీసు, కోర్టు సమను, వీనితోపాటు రక్తపరీక్షా ఫలితముల కాగితము కూడ. ప్రక్కింటి ఖాలాయో, వెనుకవీధి పిన్నియో బిడ్డను చంక నెత్తుకొని వచ్చి, "బాబూ, డాక్టరుగారు ఎల్లుండి గాని దొరకరంట. ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పు" అని అడుగును.

కాగితము నిండ అంకెలు. కొన్నిటి ప్రక్క 'హెచ్చు' అనియో 'తక్కువ' అనియో తెలుపు గుర్తు. చదువరి దృష్టి మొదట ఆ గుర్తు మీదనే పడును. గుర్తు ఉన్నచో జబ్బు, లేనిచో క్షేమము అని చదివినవాడును, విన్న తల్లియు తలంతురు. ఈ తలంపు ఎంత పొరపాటో, ఒక్కొక్కప్పుడు ఎంత ప్రమాదకరమో విశదపరచుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ఇద్దరు శిశువులను ఊహించుకొందము. మొదటి శిశువునకు ఐదు నెలలు. చక్కగా పాలు త్రాగుచు, నెలనెలా బరువు పెరుగుచున్నాడు. రెండు పర్యాయములు జలుబు చేయగా, ఇంటివారు భయపడి పరీక్షలు చేయించిరి. ఐజీజీ అను ప్రతిరక్షకము డెసిలీటరుకు 350 మిల్లీగ్రాములని వచ్చినది. కాగితము మీద అచ్చువేసిన పరిమితి 700 నుండి 1600. ప్రక్కన 'తక్కువ' అను గుర్తు. ఆ రాత్రి ఆ ఇంట ఎవరికిని నిద్రలేదు.

రెండవ శిశువునకు నాలుగు నెలలు. నోటిలో తెల్లని పూత ఎన్ని మందులు వ్రాసినను మానుటలేదు. విరేచనములు ఆగుటలేదు. రెండు నెలలుగా బరువు పెరుగలేదు. పరీక్షలో లింఫోసైటులను తెల్లకణములు ఘన మిల్లీమీటరుకు 1400 అని వచ్చినది. అచ్చువేసిన పరిమితి 1000 నుండి 4000. గుర్తు ఏదియు లేదు. ఇంటివారు "అల్లాహ్ దయవలన అంతా బాగున్నది" అని ఊపిరి పీల్చుకొనిరి.

ఈ రెండు ఇండ్లలోను కాగితమును తలక్రిందులుగా చదివిరి. భయపడవలసిన అవసరము లేని ఇంట భయము, క్షణము ఆలస్యము చేయరాని ఇంట నిశ్చింత. కారణమొక్కటే. రెండు కాగితముల మీదను అచ్చువేసినవి పెద్దల పరిమితులు. పరీక్షింపబడినవారు శిశువులు.

రక్షణకు నాలుగు అంగములు

రోగములకు లోనుగాకుండ శరీరము తన్ను తాను కాచుకొను శక్తిని తెలుగున రోగనిరోధక శక్తి అనియు, ఉర్దూలో కువ్వతె ముదాఫియత్ అనియు అందురు. ముదాఫియత్ అనగా ఎదిరించి కాచుకొనుట. పూర్వపు రాజులకు చతురంగ బలములున్నట్లే ఈ రక్షణకును ముఖ్యముగా నాలుగు అంగములు కలవు.

మొదటివి న్యూట్రోఫిలులు. ఇవి క్రిములను పట్టి మ్రింగి చంపు తెల్లకణములు. రెండవవి బి లింఫోసైటులు. ఎముకల మజ్జలో పుట్టి, ప్రతిరక్షకములనెడు మాంసకృత్తులను తయారుచేయునవి ఇవియే. మూడవవి టి లింఫోసైటులు. రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో ఇవి పరిపక్వత నొందును. వైరస్ సోకిన కణములను చంపుటయే గాక, బి కణములకు ఆజ్ఞలిచ్చునవి కూడ ఇవియే. కావున టి కణములు లేనిచో బి కణములున్నను ప్రయోజనము స్వల్పము. నాలుగవది కాంప్లిమెంట్ అను మాంసకృత్తుల సముదాయము. ఇది ప్రతిరక్షకములకు తోడ్పడి క్రిముల పొరను ఛేదించును.

ఏ అంగము లోపించినదో బట్టి వచ్చు జబ్బు మారును. ప్రతిరక్షకములు లోపించినచో చెవిలో చీము, సైనసుల వాపు, న్యుమోనియా మాటిమాటికి వచ్చును. న్యూట్రోఫిలుల లోపమున చర్మము మీదను, కాలేయమునందును చీముగడ్డలు లేచును. టి కణములు లోపించినచో నోటిపూత, ఆగని విరేచనములు, సామాన్య వైరసులే ప్రాణము మీదకు తెచ్చుట సంభవించును. అందువలన వైద్యుడు కాగితము చూచుటకు ముందు బిడ్డకు ఏయే జబ్బులు వచ్చినవో అడుగును. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము లేనిచో అంకెలకు సరియైన అర్థము లేదు.

తల్లి కట్టియిచ్చిన చద్దిమూట

ప్రతిరక్షకములలో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, ఐజీఈ, ఐజీడీ అని ఐదు తరగతులు కలవు. వీనిలో మాయను దాటి తల్లి రక్తమునుండి గర్భస్థ శిశువునకు చేరునది ఐజీజీ ఒక్కటియే. ఈ చేరిక గర్భము చివరి నెలలలో అధికముగా జరుగును. కావున నెలలు నిండి పుట్టిన బిడ్డ ఐజీజీ విషయమున తల్లితో సమానుడు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు ఆ భాగ్యము కొరవడును.

దూరప్రయాణమునకు బయలుదేరువానికి తల్లి చద్దిమూట కట్టియిచ్చినట్లు ఈ ఐజీజీ బిడ్డతో వచ్చును. అయితే మూట ఎంతకాలము నిలుచును? సుమారు మూడు వారములకొకసారి అది సగము తరిగిపోవును. బిడ్డ స్వయముగా ప్రతిరక్షకములను తయారుచేయ మొదలిడినను ఆ ఉత్పత్తి నెమ్మదిగా పెరుగును. అందువలన మూడు నుండి ఆరు నెలల మధ్య ప్రతి ఆరోగ్యవంతుడైన శిశువునందును ఐజీజీ అట్టడుగునకు చేరును. ఆ వయస్సున డెసిలీటరుకు సుమారు 200 నుండి 700 మిల్లీగ్రాములు సహజమే. పిమ్మట అది క్రమముగా పెరిగి, ఏడెనిమిదేండ్ల నాటికి పెద్దల స్థాయిని సమీపించును. మన మొదటి శిశువు ఐజీజీ 350 కదా. అది అతని వయస్సునకు తగినదే. కొందరు శిశువులలో ఈ పల్లపు కాలము దీర్ఘమై, రెండు మూడేండ్ల వరకు కొనసాగి, తనంత తానే సరియగుట కూడ కలదు. అట్టివారిని వైద్యుడు కొన్ని నెలలకొకసారి మరల పరీక్షించుచు గమనించును.

తక్కిన తరగతుల నడక వేరు. ఐజీఎం మొదటి ఒకటి రెండేండ్లలోనే పెద్దల స్థాయికి చేరువగును. ఐజీఏ మాత్రము మిక్కిలి నిదానముగా పెరిగి కౌమారమునకు గాని పూర్తి స్థాయిని అందుకొనదు. కావున నాలుగేండ్లు నిండని బిడ్డకు ఐజీఏ లోపమున్నదని వైద్యులు నిర్ధారణ చేయరు. పెద్దలలో సైతము ఐజీఏ ఒక్కటియే లోపించిన వారిలో అధికులు ఏ బాధయు లేకుండ జీవించుచున్నారు.

తల్లి ప్రతిరక్షకముల విషయము మరియొక పరీక్షలోను పొరపాటునకు దారితీయును. రక్షణశక్తి క్షీణించిన బిడ్డకు హెచ్.ఐ.వి. పరీక్ష చేయుట వైద్యధర్మము. కాని పదునెనిమిది నెలలలోపు శిశువునందు హెచ్.ఐ.వి. ప్రతిరక్షకములు కనిపించినచో అవి తల్లివి కావచ్చును. బిడ్డకు వ్యాధి సోకినదో లేదో తెలియవలెనన్న వైరసునే వెదకు పి.సి.ఆర్. పరీక్ష కావలెను. "ఈ ప్రతిరక్షకములు ఎవరివి?" అను ప్రశ్న వేయక కాగితమును చదివినవాడు ఒక కుటుంబమును వృథాగా కూల్చివేయగలడు.

శాతములు కాదు, సంఖ్యలు

ఇక తెల్లకణముల లెక్క. ఏ చిన్న ఊరి ప్రయోగశాలలోనైనను జరుగు పరీక్ష ఇది. వ్యయము స్వల్పము. రక్షణశక్తిని గురించి ఇది చెప్పునంత ఏ ఖరీదైన పరీక్షయు మొదటి దినమున చెప్పజాలదు. అయినను దీనిని సరిగా చదువువారు తక్కువ.

పెద్దల రక్తమున న్యూట్రోఫిలులు అధికము, లింఫోసైటులు తక్కువ. పుట్టిన మొదటి వారము దాటిన పిదప శిశువులందు ఇది తారుమారగును. సుమారు నాలుగైదేండ్ల వరకు లింఫోసైటులదే ఆధిక్యము. అందువలన రెండేండ్ల బిడ్డ కాగితము మీద "లింఫోసైటులు 60 శాతము, హెచ్చు" అని కనిపించినచో కలవరపడ నక్కరలేదు. అది ఆ వయస్సు స్వభావము.

శాతము కంటె ముఖ్యమైనది అసలు సంఖ్య. దానిని కనుగొనుట ఎనిమిదవ తరగతి గణితమే. మొత్తము తెల్లకణముల సంఖ్యను శాతముతో గుణించి నూరుతో భాగింపవలెను. మొత్తము 9000, లింఫోసైటులు 60 శాతము అయినచో సంఖ్య 5400. మన రెండవ శిశువు కాగితములో మొత్తము 7000, లింఫోసైటులు 20 శాతము అనుకొందము. సంఖ్య 1400. ముప్పదేండ్ల మనిషికి ఇది చాలును. నాలుగు నెలల శిశువునకు చాలదు. ఆ వయస్సున లింఫోసైటులు సాధారణముగా ఐదారువేల చుట్టును ఉండును. మూడువేలకు తగ్గినచో తప్పక మరల చూడవలసినదే. ఈ ఒక్క అంకెను గుర్తింపకపోవుట వలన టి కణములు లేక పుట్టిన శిశువులు ఎందరో పేరులేని జబ్బుతో మరణించిరి.

న్యూట్రోఫిలుల విషయమునను సంఖ్యయే ప్రధానము. ఏడాది దాటిన బిడ్డకు అవి 1500 కంటె తక్కువైనచో లోపమనియు, 500 కంటె తక్కువైనచో తీవ్రలోపమనియు భావింతురు. అట్టి బిడ్డకు జ్వరము వచ్చినచో తెల్లవారు వరకు ఆగరాదు. ఆసుపత్రికి అప్పుడే తీసికొనిపోవలెను.

ప్రమాణములను గురించి ఒక హెచ్చరిక. ఒక ప్రయోగశాల ఐజీజీని డెసిలీటరుకు మిల్లీగ్రాములలోను, మరియొకటి లీటరుకు గ్రాములలోను తెలుపును. లీటరుకు 6.5 గ్రాములు, డెసిలీటరుకు 650 మిల్లీగ్రాములు రెండును ఒకటే. పాత కాగితములో 650, క్రొత్త కాగితములో 6.5 చూచి, నూరవవంతునకు పడిపోయినదని గుండెలు బాదుకొనరాదు.

పరిమితి అనగా ఏమి?

అచ్చువేసిన పరిమితి ఎట్లు ఏర్పడునో గణిత విద్యార్థులు ఎరుగుదురు. ఆరోగ్యవంతులైన అనేకులను పరీక్షించి, వారిలో 95 శాతము మందికి వచ్చిన విలువల రెండు కొసలను పరిమితిగా నిర్ణయింతురు. దీని భావమేమి? ఏ జబ్బు లేని నూరుగురిలో ఐదుగురు ఆ హద్దునకు వెలుపల ఉందురు. ఒక ఆరోగ్యవంతుడైన బిడ్డకు ఒకదానితో ఒకటి సంబంధము లేని ఇరువది పరీక్షలు చేసితిమనుకొందము. అన్నియు హద్దులోనే ఉండు సంభావ్యత, 0.95 ను ఇరువది పర్యాయములు గుణింపగా, సుమారు 0.36. అనగా ఒక్క గుర్తయినను పడుటకు నూటికి అరువదినాలుగు పాళ్ళు అవకాశమున్నది. పెద్ద కాగితము మీద ఒక చిన్న గుర్తు కనబడుట వింత కాదు. ఒక్క గుర్తు సాక్ష్యము మాత్రమే. తీర్పు కాదు.

సాక్ష్యమును చెరచు కారణములు కూడ ఉన్నవి. జ్వరము వచ్చిన వారమున కణముల లెక్క మారును. తట్టు సోకిన బిడ్డలో రక్షణశక్తి పెక్కు వారములు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి క్షీణించి ఉండును. స్టెరాయిడు మందు వాడుచున్నచో లింఫోసైటులు తగ్గి న్యూట్రోఫిలులు పెరిగినట్లు కనిపించును. కడుపులో నులిపురుగులున్నను, ఉబ్బసము వంటి ఎలర్జీ ఉన్నను ఐజీఈ హెచ్చును. మూత్రములోనో, ప్రేగులనుండియో మాంసకృత్తులు పోవుచున్నచో ఐజీజీ తగ్గును. అన్నిటిని మించి, లోకమున బిడ్డల రక్షణశక్తిని తగ్గించు కారణములలో పోషకాహార లోపమే అగ్రగణ్యము. కావున బిడ్డ కోలుకొనిన పిమ్మట పరీక్షను మరల చేయుట కాలయాపన కాదు. అది విచారణలో భాగమే. అయితే తీవ్ర లక్షణములున్న పసిబిడ్డ విషయమున ఈ నిరీక్షణ తగదు.

ఉన్నవా? పని చేయుచున్నవా?

ఠాణాలో పదిమంది సిపాయీలున్నారని హాజరుపట్టీ చెప్పవచ్చును. దొంగ వచ్చినప్పుడు వారు లేచుదురా లేదా అనునది వేరు ప్రశ్న. పరీక్షలును రెండు విధములు. కొన్ని సంఖ్యను తెలుపును. కొన్ని పనితనమును తెలుపును.

ప్రతిరక్షకముల పనితనమును ఎరుగుటకు టీకాయే చక్కని సాధనము. ధనుర్వాతపు టీకా వేయకముందు ఒకసారి, వేసిన సుమారు నాలుగు వారములకు మరియొకసారి రక్తము తీసి, ఆ క్రిమికి ఎదురైన ప్రతిరక్షకములు పెరిగినవో లేదో చూతురు. పెరిగినచో ఐజీజీ మొత్తము కొంత తక్కువైనను బిడ్డ సైన్యము పని చేయుచున్నదని ధైర్యము చెప్పవచ్చును. పెరుగనిచో మొత్తము సరిగా ఉన్నను అనుమానింపవలెను. మన మొదటి శిశువు వంటివారికి అనుమానము తీరనిచో, తగిన వయస్సున చేయవలసిన పరీక్ష ఇదియే.

టి, బి, ఎన్.కె. కణములను వేరుచేసి లెక్కించుటకు ఫ్లో సైటోమెట్రీ అను పద్ధతి కలదు. కణముల మీది గుర్తులను బట్టి సీడీ3 అన్నచో టి కణములన్నియు, సీడీ4 అన్నచో వానిలో సహాయకములు, సీడీ8 అన్నచో ప్రధానముగా సంహారకములు, సీడీ19 అన్నచో బి కణములు, సీడీ16, సీడీ56 అన్నచో ఎన్.కె. కణములు అని గ్రహింపవలెను. వీనికిని వయస్సును బట్టి వేర్వేరు పరిమితులు కలవు. మొత్తము లింఫోసైటులు సరిగా ఉన్నను అవన్నియు బి కణములే అయి టి కణములు శూన్యముగా ఉండు శిశువులు కలరు. కావున మొత్తము సంఖ్య ఒక్కటియే అభయము కాజాలదు. న్యూట్రోఫిలులు మ్రింగిన క్రిమిని చంపగలుగుచున్నవో లేదో తెలుపుటకు డి.హెచ్.ఆర్. అను పరీక్ష వేరుగా కలదు.

ఎప్పుడు జాగ్రత్త పడవలెను?

బడికి పోవు చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరెనిమిది పర్యాయములు జలుబు చేయుట సహజమే. జలుబు తగ్గి, నడుమ బిడ్డ ఆడుచు పాడుచు బరువు పెరుగుచున్నచో రక్షణశక్తి తన పని తాను నేర్చుకొనుచున్నదని భావింపవలెను. అనుమానింపవలసిన లక్షణములు వేరు. ఏడాదిలో నాలుగు అంతకుమించి చెవిలో చీము పట్టుట, ఏడాదిలో రెండు పర్యాయములు న్యుమోనియా వచ్చుట, రెండు నెలలు ఏంటిబయోటిక్కులు వాడినను గుణము లేకుండుట, లోతైన చీముగడ్డలు మరల మరల లేచుట, ఏడాది దాటిన పిదపను నోటిపూత మానకుండుట, బరువు పెరుగకుండుట, పుట్టిన నెలరోజులకును బొడ్డుతాడు ఊడకుండుట. వీనిలో ఏది ఉన్నను కాగితము మీద గుర్తున్నను లేకున్నను బిడ్డల వైద్యుని కలియవలెను.

అన్నిటికంటె విలువైన పరీక్షకు రక్తమే అక్కరలేదు. అది కుటుంబ చరిత్ర. ఈ ఇంట ఇంతకుముందు పసిబిడ్డలు జబ్బుతో మరణించిరా? తల్లివైపు మేనమామలు బాల్యముననే పోయిరా? ఈ ప్రశ్నలకు నానమ్మ, అమ్మమ్మలే సమాధానము చెప్పగలరు.

చరిత్ర చెప్పు పాఠము

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఒక ఎనిమిదేండ్ల బాలుని పరీక్షించెను. న్యూమోకాకస్ క్రిములు ఆ బాలుని మాటిమాటికి బాధించుచుండెను. రక్తములోని మాంసకృత్తులను విద్యుత్తుతో వేరుపరచు పద్ధతి అప్పుడే వాడుకలోనికి వచ్చినది. దానితో చూడగా బాలుని రక్తమున గామా గ్లోబులిన్ అను భాగమే కనిపింపలేదు. ప్రతిరక్షకములుండు భాగము అదియే. బయటినుండి గామా గ్లోబులిన్ ఇచ్చినప్పుడు బాలుడు కోలుకొనెను. దీనికి కారణమైన జన్యువు 1993లో తెలిసినది. దానికి బ్రూటన్ పేరే నిలిచినది. నేడు అట్టి బిడ్డలకు మూడు నాలుగు వారములకొకసారి ఇమ్యునోగ్లోబులిన్ సిరలోనికి ఎక్కించి, బడికి పంపుచున్నారు.

టి కణములు లేక పుట్టు శిశువుల వ్యాధిని తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపము అందురు. 1968లో అమెరికాలో రాబర్ట్ గుడ్ బృందము అట్టి ఒక పసివానికి అతని అక్క ఎముక మజ్జను ఎక్కించి ప్రాణము నిలిపినది. ఇచ్చట కాలమే ప్రాణము. 2014లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, మూడున్నర నెలలలోపున మార్పిడి జరిగిన శిశువులలో 94 శాతము మంది ఐదేండ్ల పిదప జీవించియుండిరి. అందువలన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము 2008లో నవజాత శిశువులందరకు మడమనుండి తీసిన రక్తపు చుక్కతో ఈ లోపమును వెదకుట ప్రారంభించెను. 2018 నాటికి ఆ దేశపు రాష్ట్రములన్నియు దానిని అనుసరించినవి. మన దేశమున ప్రతి శిశువునకును ఇట్టి పరీక్ష జరుగు ఏర్పాటు లేదు. కావున మనకు తొలి కావలి, చవకైన ఆ తెల్లకణముల లెక్కయు, దానిని వయస్సుతో చదువగల కన్నును.

మన సమాజమునకు సంబంధించిన మాట

ఇట్టి లోపములలో పెక్కు జన్యుపరమైనవి. నేటివరకు సుమారు 500 జన్యులోపములు గుర్తింపబడినవి. వీనిలో అధికభాగము, తల్లినుండి ఒకటి తండ్రినుండి ఒకటి లోపమున్న జన్యువు చేరినప్పుడే బయటపడును. తల్లిదండ్రులిద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. తెలుగువారిలో మేనరికము, ముస్లిము కుటుంబములలో చాచా, మామూ బిడ్డల వివాహము వాడుకలో ఉన్నవి. అట్టి దంపతులకు జన్యువులలో ఎనిమిదవ వంతు ఉమ్మడిగా ఉండుటచే, ఒకే లోపము ఇద్దరిలోను ఉండు అవకాశము హెచ్చును. ఇట్టి వివాహములు చేసికొనినవారిలో అధికుల బిడ్డలు ఆరోగ్యముగనే ఉన్నారు. కావున ఇది నిందకు గాక, వైద్యునికి దాచక చెప్పుటకు తెలిసికొనవలసిన విషయము.

బ్రూటన్ చూచిన జబ్బు వంటివి తల్లినుండి కుమారులకు వచ్చును. ఆ తల్లికి ఏ రోగమును ఉండదు. తన యందు ఆ జన్యువున్నట్లు ఆమె ఎరుగదు. అట్టి ఇండ్లలో "నీవల్లనే నా మనుమడు పోయినాడు" అని కోడలిని తూలనాడుట విజ్ఞానమును కాదు, ధర్మమును కాదు.

ఆచరణలో అతిముఖ్యమైన విషయమొకటి. మన దేశమున బిడ్డ పుట్టిన వెంటనే బి.సి.జి. టీకా వేయుదురు. అది సజీవ క్రిములతో చేసినది. ఆరోగ్యవంతులైన బిడ్డలకు అది రక్షణ. దానిని మానుట తప్పు. కాని టి కణములు లేని బిడ్డలో ఆ క్రిములే శరీరమంతట వ్యాపింపగలవు. కావున ఇంతకుముందు ఒక బిడ్డ ఇట్టి జబ్బుతో పోయిన కుటుంబము, తరువాతి కాన్పునకు ముందే వైద్యునికి ఆ సంగతి తెలిపి, శిశువు పరీక్ష ముగియువరకు సజీవ టీకాలను గురించి ఆయన సలహా పొందవలెను. ఈ ఒక్క మాట ముందుగా చెప్పుట వలన ఒక ప్రాణము నిలువగలదు.

మార్గములు లేకపోలేదు. ముంబైలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థయు, చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యసంస్థయు ఈ లోపముల నిర్ధారణలో పేరు గడించినవి. 2021లో భారత ప్రభుత్వము ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానమున, తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపము ఒక్క మారు చికిత్సతో నయము కాగల వ్యాధుల వర్గమున చేర్చబడినది. ఆ విధానము క్రింద గుర్తింపబడిన కేంద్రములలో హైదరాబాదులోని నిమ్స్, సి.డి.ఎఫ్.డి. సంస్థల ఉమ్మడి కేంద్రమొకటి.

విద్యార్థి మిత్రులారా! ఇక ఎవరైన కాగితము తెచ్చినప్పుడు మీరు వైద్యులు కానక్కరలేదు. నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. బిడ్డ వయస్సెంత? ఈ పరిమితి ఆ వయస్సుదేనా? శాతము కాక అసలు సంఖ్య ఎంత? బిడ్డ బరువు పెరుగుచున్నదా? ఈ నాలుగింటిని ఒక చీటీ మీద తెలుగుననో, ఉర్దూలోనో వ్రాసి తల్లి చేతికిచ్చి, వైద్యుని అడుగుమని చెప్పుడు. మొదటి శిశువు ఇంట ఆ రాత్రి నిద్రపట్టును. రెండవ శిశువు ఇంటివారు ఎల్లుండి వరకు ఆగక ఆ క్షణమే బయలుదేరుదురు.

కళాశాల కార్యవర్గమునకు ఒక మనవి. ఏడాదికొకసారి ఒక బిడ్డల వైద్యుని పిలిపించి, విద్యార్థులతో పాటు వారి తల్లులకును ఉభయ భాషలలో ఈ విషయములు చెప్పించినచో, వ్యయము స్వల్పము, ఫలము అధికము. చదువుకొన్న పిల్లవాని మీద వీధి వీధి అంతయు నమ్మకముంచినప్పుడు, ఆ నమ్మకమునకు తగిన జ్ఞానమును వానికిచ్చుట మన విద్యాలయము బాధ్యతయే కదా.